కాశీలో వదిలిన కాయ

మా అత్తయ్య కాశీలో ముల్లంగి వదిలేసి వచ్చిన ఏడాదే నేను పెరట్లో ముల్లంగి వేశాను. పంతం కొద్దీ వేసింది కాదు. ఆవిడ అక్కడ ఏం వదులుతుందో నాకు తెలియదు, నేను ఇక్కడ ఏం వేస్తున్నానో ఆవిడకి తెలియదు. ఊళ్ళో మాత్రం "కోడలు కావాలనే వేసిందట" అన్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ నోళ్ళు మూయించాలనే ఇంత వయసొచ్చాక కూర్చుని రాస్తున్నాననుకోండి.

గోదావరి మీద రైలు వంతెన వేసిన మరుసటి ఏడాది అది. అంతకు ముందు కాశీకి వెళ్ళేవాళ్ళు ఇల్లూ వాకిలీ ఒకరికి అప్పగించి, తిరిగొస్తే చూద్దాంలే అనుకుని బయల్దేరేవారు. వంతెన వచ్చాక పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒక్కసారిగా కాశీ మీదికి మనసు పోయింది. కార్తీకం వెళ్ళగానే మా మామయ్య ముసలయ్యగారు, అత్తయ్య వీరవేణమ్మగారు, ఊళ్ళోవాళ్ళు ఇంకో తొమ్మిదిమంది కాలవ పడవలో నిడదవోలు వెళ్ళి, అక్కడ రైలెక్కారు.

మిగతావాళ్ళు పుణ్యానికి వెళ్ళారు. అత్తయ్య నా కోసం వెళ్ళింది. నాకప్పటికి పంతొమ్మిదేళ్ళు. మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. రెండోది మగపిల్లవాడు, పుట్టి పదకొండు రోజులున్నాడు. వాడికి పేరు పెట్టకుండానే వాడి పని అయిపోయింది. ఆ తరవాత ఇరుగుపొరుగమ్మలు వచ్చి అరుగు మీద కూర్చుని, నాకు వినపడేటట్టే, "మీ అబ్బాయికి మళ్ళీ ఓ సంబంధం చూడండి వదినగారూ" అనేవారు. అత్తయ్య వాళ్ళకి అవుననీ కాదనీ జవాబు చెప్పలేదు. కాశీకి మూట కట్టింది.

వాళ్ళు లేని ఆ నలభై రోజులూ పెరడు నాదయింది. గోదావరి లంకలోంచి కూరగాయల గంపతో వారానికోసారి వచ్చే పాపాయమ్మని "ఏదైనా విత్తనం ఇవ్వవే, నేను వేసుకుంటాను" అని అడిగితే, అరటాకు ముక్కలో గుప్పెడు కట్టి ఇచ్చింది.

"ముల్లంగండి. పడేసి నీళ్ళు చూపిత్తే చాలండి, అదే మొలుత్తాది."

పశువుల చావిడి వెనకాల, నీళ్ళు పారే బోదె పక్కన రెండు వరసలు చల్లాను. మా ఇంట్లో ముల్లంగి ఎప్పుడూ వేసేవారు కాదు. అత్తయ్యకి ఆ వాసన పడదు. ఆవిడ ఊళ్ళో లేదు కదా అన్న ధైర్యమే నాకు.

పుష్యమాసంలో తిరిగొచ్చారు. నెలాఖరున చేసిన కాశీ సమారాధనకి ఊరంతా వచ్చింది. కాశీకి వెళ్ళినవాళ్ళు అక్కడ ఇష్టమైన పండొకటి, కాయొకటి వదిలేసి రావాలి, మళ్ళీ జన్మలో వాటిని ముట్టకూడదు. అందుకని భోజనాల దగ్గర అందరూ అడిగే మాట అదే.

"ఏం వదిలారు వదినగారూ?"

"పండుకి నేరేడు. కూరకి ముల్లంగి."

"ముల్లంగి మీరెప్పుడు తిన్నారు గనక?" అందొకావిడ. పంక్తిలో ముసిముసి నవ్వులు వినపడ్డాయి. అత్తయ్య మొహం ఎర్రబడింది. పప్పు గరిటె పట్టుకుని అవతలి పంక్తిలోకి వెళ్ళిపోయింది.

నాకు చిన్నప్పటినుంచీ ఎందుకు, ఏమిటి అనే మాటలు నోట్లోంచి ఊరికే జారిపోతాయి. ఆ వేళ మాత్రం నోరు నొక్కుకున్నాను, ఎందుకంటే అదే రోజు సాయంత్రం నేను అత్తయ్యకి ఓ మాట చెప్పవలసి ఉంది. చెప్పాను. నెల తప్పింది. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని గడప మీదే కూలబడిపోయింది.

"విన్నాడే," అంది. "విశ్వేశ్వరుడు విన్నాడు చిన్నమ్మాయ్. నేను మాట తప్పనంతకాలం నీ కడుపు చల్లగా ఉంటుంది."

ఆ రోజునుంచి మా ఇంట్లో ముల్లంగి కూర కాదు. నా కడుపుకి కట్టిన రక్ష అది. అలాంటప్పుడు చావిడి వెనక రెండు వరసల ముల్లంగి ఏపుగా పెరిగి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య చూసేసింది.

"ఇదేంటే?"

"ముల్లంగండి."

"అది నాకూ కనపడుతోంది. పీకి గేదెలకి వేసెయ్."

ఆ మాటకి అరుగు మీంచి మామయ్య కేకేశారు. "మాఘమాసం వచ్చేసింది. ఈ నెల్లాళ్ళూ ముల్లంగి జోలికెళ్ళకూడదు."

"తినకూడదన్నారు గానీ పీకకూడదన్నారా?" అంది అత్తయ్య.

"పీకినదాన్ని ఎవడో ఒకడు తింటాడు. గేదె తింటే దాని పాలు మనమే తాగాలి. ఉండనీ వాటి మానాన."

మామయ్య ఏ శాస్త్రంలో చూసి చెప్పారో నాకిప్పటికీ తెలియదు. అత్తయ్య మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. అలా మాఘం పుణ్యమా అని నా ముల్లంగి బతికిపోయింది.

పీకకుండా ఉంచేస్తే ముల్లంగి ఏం చేస్తుందో నేనెప్పుడూ చూడలేదు. మా ఊళ్ళో ఎవరూ చూసినట్టు లేరు. విత్తనం లంకల నుంచి వస్తుంది, దుంప మేము తింటాం, మధ్యలో ఏం జరుగుతుందో అడిగినవాళ్ళు లేరు. పొద్దున్నే చావిడి ఊడ్చే వంక పెట్టుకుని వెళ్ళి చూసేదాన్ని. ముందు నడిమిలోంచి ఓ కాడ లేచింది. పది రోజుల్లో నా భుజం దాకా వచ్చి, కొమ్మలు వేసి, అంతటా తెల్లటి పూలు పూసింది. రేకుల అంచున లేత వంకాయ రంగు. ఇంత అందమైన పూలు ఆ కంపు దుంపకా అనుకున్నాను. ఓ మొక్కని కొంచెం కదిపి చూస్తే దుంప బెండులా తేలిపోయింది. ఉన్న సత్తువంతా పైకి పంపించేసి అది ఖాళీ అయిపోయింది. కడుపుతో ఉన్నదాన్ని, దాన్ని చూసి నాకు భయమూ వేసింది, జాలీ వేసింది.

ఫాల్గుణంలో పూలు రాలి కాయలు వచ్చాయి. పచ్చగా, లావుగా, సూదిమొనతో పైకి నిలబడి ఉన్నాయి. పురుగు పట్టిందేమోనని పాపాయమ్మకి చూపించాను.

"ఏంటమ్మగోరూ, ఎప్పుడూ చూళ్ళేదా? ముల్లంగికాయలండి ఇయ్యి."

"తింటారా?"

"ఆయ్, తినకేంటండి! దుంప ఎవరిక్కావాలండి, మా లంకలో పిల్లలు దీనికోసం కొట్టుకుంటారు. లేతగా ఉన్నప్పుడు కోసుకోవాలండి. ముదిరితే పీచు."

ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను. పటుక్కున విరిగింది. నీళ్ళగా, చల్లగా ఉంది, ఏమీ లేదనుకునేలోగా ఘాటు ముక్కులోకి ఎక్కింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నెలరోజులుగా అన్నం చూస్తే డోకొచ్చే నాకు ప్రాణం లేచొచ్చింది. మొక్క దగ్గరే నిలబడి ఇరవై కాయలు తిన్నాను. వేవిళ్ళలో ఒకరికి మట్టి, ఒకరికి చింతకాయ. నాకు ఇవి.

నాకైతే నిషేధం లేదు, మాఘం వెళ్ళిపోయింది, కాశీలో నేనేమీ వదల్లేదు. అయినా అత్తయ్య కంట పడకుండా తినేదాన్ని. ఓ రోజు ఆవిడ పురాణానికి వెళ్ళిందని చిన్న చట్టిలో నా ఒక్కదానికే పులుసు పెట్టుకున్నాను. కాయలు చివర్లు గిల్లి, చింతపండు, బెల్లం ముక్క, దించేముందు నువ్వులపొడి వేశాను. నూతి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడుకుని వచ్చేసరికి అత్తయ్య పీట వేసుకుని కూర్చుంది. పురాణం చెప్పే ఆయనకి జ్వరమట. ముందు విస్తరి ఉంది. విస్తట్లో నా పులుసు ఉంది.

బిందె చంకనే ఉండిపోయింది నాకు.

కాశీ చలికి నీళ్ళల్లో మునిగి జ్వరం పడ్డప్పటినుంచీ ఆవిడ తిండి సగానికి పడిపోయింది. మెతుకులు లెక్కపెడుతూ తినేది. ఆ రోజు నేను చూస్తూండగా రెండోసారి అన్నం పెట్టుకుని, చట్టి వంచి అడుగున ఉన్నది కూడా కలుపుకుంది. ఒక్కో కాయా ఏరుకుని, కళ్ళు మూసుకుని నమిలింది.

"ఏం కాయలే ఇవి? ఇంత బాగున్నాయి?"

చెప్పాలి. నోరు తెరిచాను. చెబితే ఆ ముద్ద గొంతులో ఉండగానే ఆవిడ ఏమైపోతుందో అనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే, నా కడుపు ఏమైపోతుందో అని భయం వేసింది.

"లంకకాయలండి అత్తయ్యా. పాపాయమ్మ ఇచ్చింది."

"ఈసారి వస్తే ఇంకాసిని ఇమ్మను. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచింది వీటిని?"

అలా లంకకాయలు అనే కొత్త కాయ మా ఇంట్లో పుట్టింది. వారానికి రెండుసార్లు పెట్టమనేది. పులుసులో బాగుందంది, వేపుడు ఇంకా బాగుందంది. వండటానికి నేను కాయలు తెచ్చేది చావిడి వెనకనుంచే. ఆవిడ అటు వైపు రాకుండా ఉండటం నా అదృష్టం. ముల్లంగి నీడ కూడా తగలకూడదని ఆవిడే ఆ వైపు రావడం మానేసింది. ఆవిడ ఒళ్ళు కొంచెం తేరుకుంది. నేను మాత్రం ఆవిడ తిన్న ప్రతి ముద్దా లెక్కపెట్టుకునేదాన్ని.

దీనికో దారి వెతకాలని నా బుర్ర పగలూ రాత్రీ పనిచేసింది. దుంప వేరు, కాయ వేరు కదా? ఆవిడ వదిలింది దుంప. కాయ కాయే. దుంప పేరు కాయకి ఎందుకు అంటుకోవాలి? ఓ మధ్యాహ్నం మామయ్యగారు తాటాకు విసనకర్రకి అంచు కడుతూ ఉంటే మెల్లిగా కదిపాను.

"మామయ్యగారూ, కాశీలో మామిడిపండు వదిలినవాళ్ళు మామిడికాయ పచ్చడి తినొచ్చాండి?"

ఆయన పని ఆపి ఆలోచించారు. ఆయనకి ఇలాంటివి ఇష్టం. "తినొచ్చు. వదిలింది పండు కదా."

"అరటికాయ వదిలినవాళ్ళు అరటిపువ్వు?"

"తినొచ్చనే అనుకుంటాను."

"మరి దుంప వదిలినవాళ్ళు..."

"ఇదిగో అమ్మాయ్, దీనికంతా ఒకటే లెక్క. దోసిట్లో గంగ పట్టుకుని ఏ మాట అన్నారో ఆ మాటే. ఆ మాటకి బయట ఉన్నదంతా తినొచ్చు. లోపల ఉన్నది తినకూడదు."

"అత్తయ్య ఏ మాట అన్నారండి?"

"నాకేం తెలుసు? ఆడవాళ్ళు వేరే మెట్ల మీద మునిగారు."

ఆ మాట తెలిస్తే చాలు, నేను గట్టెక్కినట్టే. ఆ సాయంత్రమే అత్తయ్య జుట్టు చిక్కు తీస్తూ, మాటలో మాటగా అడిగాను.

"అత్తయ్యా, కాశీలో వదిలేటప్పుడు ముల్లంగి అంటే సరిపోతుందాండి, ముల్లంగి దుంప అనాలా?"

ఆవిడ తల విసురుగా లాక్కుంది. దువ్వెన నా చేతిలో ఉండిపోయింది.

"ఎందుకే నీకు? నీళ్ళల్లో అన్నమాట నీళ్ళకి తెలుసు. పోయి దీపం పెట్టు."

ఆవిడకి కోపం ఎందుకొచ్చిందో నాకు అంతుపట్టలేదు. తప్పు చేస్తున్నది నేను. ఆవిడ ఎందుకు ఉలిక్కిపడాలి?

ఉగాది వెళ్ళిన మూడోనాడు, పొద్దున్న పేడ తీస్తూంటే నడుములో పోటు వచ్చింది. లోపలికి వెళ్ళి చూసుకుంటే ఎర్రగా కనపడింది. అది నాలుగో నెల. నాకు తెలుసు ఆ రంగు. అరవలేదు. గోడ పట్టుకుని నిలబడి "అత్తయ్యా" అన్నాను. నా గొంతు విని ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

మంత్రసాని వచ్చి చూసి, కదలకుండా పడుకోబెట్టమంది. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, రేపు ఈ పాటికి తెలుస్తుంది అని చెప్పి వెళ్ళింది. మా ఆయన వాకిట్లో స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. అత్తయ్య నా పక్కన కూర్చుని విసురుతూ ఉంది.

"భయపడకే తల్లీ. ఏమీ కాదు. నా మాట గట్టిది. నేను కాశీలో వదిలింది వదిలినట్టే ఉంది. వేలితో కూడా తాకలేదు."

"తాకారండి అత్తయ్యా," అన్నాను.

విసనకర్ర ఆగింది.

ఇంక నాకు ఆగలేదు. చావిడి వెనక మొక్కలు, పూలు, కాయలు, చట్టిలో పులుసు, లంకకాయలని నేను చెప్పిన అబద్ధం, అన్నీ కక్కేశాను. ఏడుస్తూనే, నేను ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న వాదన కూడా చెప్పాను. "కానీ మీ మాట పోలేదండి. మీరు వదిలింది దుంప. ఇది కాయ. మామయ్యగారే అన్నారు, ఏ మాట అన్నారో అదే లెక్కట. మీరు దుంపే కదాండి అన్నది? చెప్పండి అత్తయ్యా, దుంపే కదా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"కాశీలో మంత్రం చెప్పిన పంతులు తెలుగాయనే," అంది. "కాయ ఒకటి చెప్పమ్మా అన్నాడు. నా నాలిక మీదికి వంకాయ వచ్చింది. వంకాయ లేకుండా నేనెలా తింటానే అన్నం? అందుకని ముల్లంగి అన్నాను. ఎలాగూ తినను కదా అని. ఆయన ఊరుకోలేదు. అది దుంపమ్మా, కాయ చెప్పు అన్నాడు. వెనకాల జనం. నడుం లోతు నీళ్ళల్లో వణికిపోతున్నాను. సరే, ముల్లంగికాయ అనుకో బాబూ అన్నాను."

నేను మోచేతుల మీద లేవబోతే వెనక్కి పడుకోబెట్టింది.

"ఆయన నవ్వి మంత్రం చదివేశాడు. నేనూ లోపల నవ్వుకున్నాను. లేని కాయని వదిలేశాను, నాదేం పోయింది అనుకున్నాను. నీ బిడ్డ కోసం అంతదూరం వెళ్ళి, దేవుడి చేతిలో ఖాళీ చెయ్యి పెట్టి వచ్చానే చిన్నమ్మాయ్. ఆ కాయ ఉందని నాకు తెలీదు."

విసనకర్ర నా పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయింది. నూతి గిలక చప్పుడు వినపడింది. ఒక బిందె, రెండు, మూడు. తరవాత చావిడి వైపు అడుగులు. మొక్కలన్నీ పీకి పారేస్తుందనుకున్నాను. ఎండకి పడుకున్న పిట్టలు లేచిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కాసేపటికి తడిచీరతోనే లోపలికి వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో దోసెడు ముల్లంగికాయలు ఉన్నాయి.

"అక్కడ వదిలినప్పుడు దీని రుచి నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు. ఇప్పుడు వదిలాను," అంది. నా పక్కన కూర్చుని, ఒకటి చివర గిల్లి నా నోటి దగ్గర పెట్టింది. "నువ్వు తిను."

"నాకొద్దండి."

"నువ్వెందుకు మానడం? నీకోసమూ, నీ కడుపులోదానికోసమూ వదిలినదాన్ని నేను. దానికి ఇష్టంలా ఉంది, పెట్టు."

కొరికాను. పటుక్కుమంది. ఆ చప్పుడుకి ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. గుటక వేయడం మాత్రం నాకు కనపడింది. పెళ్ళై వచ్చిన ఆరేళ్ళలో ఆవిణ్ణి చూసి నాకు భయం వేసింది, గౌరవం కలిగింది. ప్రేమ పుట్టింది మాత్రం ఆ గుటక చూసినప్పుడే.

మూడోనాటికి ఎరుపు ఆగింది. ఎందుకు ఆగిందని నన్నడగకండి. కదలకుండా పడుకోబెట్టినందుకంది మంత్రసాని. మామయ్యగారు దానికో శాస్త్రం చెప్పారు. అత్తయ్య ఏమీ చెప్పలేదు. నేను లేచి తిరిగేదాకా రోజూ తనే చావిడి వెనక్కి వెళ్ళి, లేతవి ఏరి కోసి తెచ్చి పెట్టింది.

భాద్రపదంలో ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు అత్తయ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు. పన్నెండో రోజు దించింది.

తరవాత ఏటా మార్గశిరంలో అత్తయ్యే దగ్గరుండి ముల్లంగి వేయించేది. దుంపకి కాదు, కాయకి. ఫాల్గుణంలో తనే వండేది, ఉప్పు కూడా చూడకుండా. పిల్లకి ఐదేళ్ళొచ్చిన ఏడాది, దాన్ని పీట మీద కూర్చోపెట్టి పులుసు వడ్డించి, ఎదురుగా చతికిలబడింది.

"ఎలా ఉందే?"

"బాగుంది మామ్మా."

"బాగుందంటే ఎలా ఉంది? సరిగ్గా చెప్పు."

పిల్ల నమలడం ఆపి ఆలోచించింది. "తియ్యగా ఉంది. కారంగా కూడా ఉంది. కొరకగానే ముక్కులోకి వస్తుంది."

"కొరకగానే రాదే," అంది అత్తయ్య. "మింగబోయేముందు వస్తుంది. ఇంకోటి తిని చూడు."